అద్దె గది ఎండాకాలంలో చల్లగా ఉండాలంటే: చంద్రపూర్ పొడి ఎండకు ఒక పద్ధతి, బరంపురం ఉక్కపోతకు ఇంకో పద్ధతి

ఏప్రిల్ మొదలైతే చాలు, ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది: "అన్నా, పై అంతస్తు గది, ఏసీ పెట్టుకునే స్తోమత లేదు, రాత్రి నిద్ర పట్టట్లేదు, ఏం చేయాలి?" సిరొంచా నుంచి మహారాష్ట్రలోని చంద్రపూర్ వచ్చి చదువుకునే పిల్లలూ అడుగుతారు, ఇచ్ఛాపురం నుంచి ఒడిశాలోని బరంపురం వెళ్ళిన వాళ్ళూ అడుగుతారు. నేను రెండు ఊళ్ళలోనూ అద్దె గదుల్లో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఇద్దరికీ ఒకే జవాబు ఇస్తే ఒకరు తప్పకుండా నష్టపోతారు. చంద్రపూర్‌లో ప్రాణం నిలబెట్టిన కూలర్‌ని బరంపురం తీసుకెళ్ళి పెట్టుకుని, తెల్లారేసరికి పరుపు, పుస్తకాలు అన్నీ చెమ్మగిల్లిపోయి నేను పడ్డ అవస్థ మీరు పడకూడదు.

వరసలో చేయండి. కూలర్ కొనడం ఎనిమిదో మెట్టు, మొదటిది కాదు.

1. మీ ఊరిది ఏ ఎండో తేల్చుకోండి

చంద్రపూర్, బల్లార్షా, గడ్చిరోలి, నాందేడ్ వైపు మే నెలలో పొడి ఎండ. 44, 45 డిగ్రీలు మామూలు, గాలిలో తేమ మధ్యాహ్నం 15 శాతానికి అటూ ఇటూ పడిపోతుంది. పెదాలు పగులుతాయి, ఆరేసిన తువ్వాలు పావుగంటలో అప్పడం అవుతుంది.

బరంపురం, గంజాం తీరం వైపు ఎండ అంకె తక్కువే, 35, 36 చూపిస్తుంది కానీ తేమ 65 శాతం దాటి ఉంటుంది. చెమట ఆరదు. రాయగడ, కొరాపుట్, పర్లాకిమిడి వైపు ఏప్రిల్‌లో పొడిగా ఉండి, వానలు దగ్గరపడేకొద్దీ ఉక్కలోకి మారుతుంది.

తేల్చుకోవడానికి సులువైన దారి: మధ్యాహ్నం 3 గంటలకు ఒక చేతిరుమాలు తడిపి, గట్టిగా పిండి, నీడలో వేలాడదీయండి. అరగంటలో పూర్తిగా ఆరిపోతే మీది పొడి ఎండ. గంట దాటినా చెమ్మ తగులుతుంటే ఉక్కపోత. ఫోన్‌లో వాతావరణం చూస్తే తేమ శాతం కూడా కనిపిస్తుంది, డిగ్రీల కన్నా ముందు దాన్ని చూసే అలవాటు చేసుకోండి.

2. వేడి ఎక్కణ్ణుంచి వస్తోందో చేత్తో తెలుసుకోండి

రాత్రి 10 గంటలకు స్టూలెక్కి అరచేయి పైకప్పుకి ఆనించండి. తర్వాత నాలుగు గోడలకీ ఒక్కోదానికి ఆనించండి. నా బల్లార్షా గదిలో మొదటిసారి ఇలా చేసినప్పుడు, బయట గాలి చల్లబడి రెండు గంటలు అయినా, పైకప్పు అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా తగిలింది. పడమటి గోడ దానికి కొంచెం తక్కువ. ఉత్తరం గోడ చల్లగా ఉంది. ఫ్యాను ఆ స్లాబు కింద ఉన్న వేడిగాలినే తెచ్చి రాత్రంతా నా మీద పోస్తోందని అప్పుడు అర్థమైంది.

దీనికి కారణం ఉంది. చంద్రపూర్, బరంపురం, నాందేడ్, రాయగడ అన్నీ దాదాపు 19, 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరే ఉన్నాయి. మే మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఈ ఊళ్ళకి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఎండంతా స్లాబు మీదే పడుతుంది. కాంక్రీటు పగలంతా ఆ వేడిని తాగి, కొన్ని గంటలు ఆలస్యంగా, మనం పడుకునే వేళకి కిందికి వదులుతుంది.

పైన ఇంకో అంతస్తు ఉంటే మీరు అదృష్టవంతులు, 4వ మెట్టు వదిలేసి 5కి వెళ్ళండి. ఇంకా గది వెతుక్కుంటున్న వాళ్ళు అద్దె రెండొందలు ఎక్కువైనా పై అంతస్తు కాకుండా, పడమటి గోడ పక్కింటి నీడలో ఉన్న గది చూసుకోండి.

3. ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

మార్చి చివర్లోనే తెచ్చుకోండి. మే వచ్చాక గ్రీన్ నెట్ ధర పెరుగుతుంది, కూలర్ మెకానిక్ ఫోన్ ఎత్తడు.

- సున్నం పొడి 10 కిలోలు, అందులో కలపడానికి ఫెవికాల్ లాంటి జిగురు, పాత బ్రష్ లేదా కొబ్బరిపీచు కుంచె
- గ్రీన్ నెట్, 75 శాతం నీడ ఇచ్చేది, కిటికీ కన్నా నాలుగు వైపులా అడుగు ఎక్కువ
- నైలాన్ తాడు, కొన్ని మేకులు
- పాత గోనె సంచులు ఆరో ఏడో
- టేబుల్ ఫ్యాను ఒకటి
- దోమతెర
- మట్టి కుండ
- ఓ.ఆర్.ఎస్. పొట్లాలు

ఇంటి ఓనర్‌ని అడగకుండా డాబా మీద ఏదీ చేయకండి. అడిగే పద్ధతి ఉంది: "అంకుల్, ఖర్చు నాది, పని నాది, సున్నం వేస్తే స్లాబుకి కూడా మంచిదే" అంటే చాలామంది ఒప్పుకుంటారు. చంద్రపూర్‌లో మా ఓనరు మొదట వద్దన్నాడు, సున్నం వేసిన వారానికి తనే పైకి వచ్చి మిగతా డాబాకి కూడా వేయమని డబ్బులిచ్చాడు.

4. పైకప్పు: సగం పని ఇక్కడే

ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పూత చాలా పాత పద్ధతి, చాలా చవకైన పద్ధతి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం అని ప్రకటించింది కూడా దీని గురించే. పూత బాగా పడితే గదిలో 2 నుంచి 5 డిగ్రీల దాకా తేడా వస్తుంది.

పని వరస:

ముందు రోజు డాబా ఊడ్చి, నీళ్ళతో కడిగి ఆరనివ్వండి. దుమ్ము మీద వేసిన సున్నం పది రోజుల్లో పెచ్చులుగా లేస్తుంది, ఎక్కువ మంది చేసే తప్పు ఇదే. నాచు ఉంటే వైరు బ్రష్‌తో గీకండి.

రాత్రి సున్నం పొడి నీళ్ళలో నానబెట్టండి. రాయి సున్నం దొరికితే జాగ్రత్త, నీళ్ళు తగలగానే కుతకుత ఉడుకుతుంది, ప్లాస్టిక్ బకెట్ కరిగిపోతుంది, చుక్క కంట్లో పడితే చూపుకే ముప్పు. కళ్ళజోడు పెట్టుకోండి, చేతులకి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోండి. అలవాటు లేని వాళ్ళు పొడి సున్నమే కొనుక్కోవడం మంచిది.

తెల్లారి పాత చీర ముక్కలో వడకట్టి, జిగురు కలిపి, మజ్జిగ కన్నా కొంచెం చిక్కగా చేసుకోండి. సాయంత్రం ఎండ తగ్గాక మొదటి పూత, మర్నాడు సాయంత్రం రెండోది. మధ్యాహ్నం వేడి స్లాబు మీద వేస్తే అంటుకోకముందే ఎండిపోయి పొడి రాలుతుంది. నా 10 బై 12 గదికి 10 కిలోలు రెండు పూతలకీ సరిపోయాయి. మొదటి వాన దాకా ఆగుతుంది, ప్రతి ఏడూ వేయాల్సిందే. వేసిన మధ్యాహ్నం డాబా ఎక్కితే కళ్ళు జిగేలుమంటాయి. ఒక మూల సున్నం వేయకుండా వదిలి, అక్కడొక కాలు, ఇక్కడొక కాలు పెట్టి చూడండి, తేడా అరికాలికే తెలుస్తుంది.

పొడి ఎండ ఊరు అయితే, నీళ్ళకి ఇబ్బంది లేకపోతే, పొద్దు గూకాక గోనె సంచులు మీ మంచం పైన పడే చోట పరిచి రెండు బకెట్లు చల్లండి. నీళ్ళు నిలవకూడదు, తడి ఉంటే చాలు. పగుళ్ళు ఉన్న స్లాబు మీద మాత్రం వద్దు, లోపల ఇనుము తుప్పు పడుతుంది. బరంపురం వాళ్ళకి దీనివల్ల పెద్దగా ఒరిగేదేం లేదు, సున్నంతో ఆపండి.

రేకుల గది అయితే పని వేరు. రేకు వేడిని దాచుకోదు, నేరుగా కిందికి పంపేస్తుంది, అందుకే పగలు నరకం, రాత్రి కొంచెం నయం. రేకు మీద ఒక అడుగు ఎత్తులో కర్రలు కట్టి గ్రీన్ నెట్ పరిస్తే మధ్యలో గాలి ఆడుతుంది. రేకుకి ఆనించి కట్టారంటే నెట్ వేడెక్కి ఆ వేడి రేకుకే ఎక్కుతుంది. వరిగడ్డి కప్పడం చల్లగానే ఉంటుంది కానీ నిప్పు రవ్వ పడితే ఆర్పలేం, పక్కన గుడిసెలు, కరెంటు తీగలు ఉన్న చోట ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. రేకుల మీద కాలు పెట్టి ఎక్కకండి, పాత సిమెంటు రేకు మనిషి బరువుకి పుటుక్కున విరుగుతుంది.

5. కిటికీ: నీడ బయట ఉండాలి

లోపల దట్టమైన పరదా కడితే ఎండ ఆగిందనిపిస్తుంది. నిజానికి అద్దం దాటి వచ్చిన వేడి పరదాలో చేరి గదిలోనే ఉండిపోతుంది. అదే గ్రీన్ నెట్‌ని బయట, కిటికీకి జానెడు దూరంలో ఏటవాలుగా కడితే వేడి బయటే ఆగుతుంది, గాలి వస్తుంది.

ముందు పడమటి కిటికీ, తర్వాత తూర్పుది. దక్షిణం కిటికీ గురించి మేలో అంత టెన్షన్ అక్కర్లేదు, సూర్యుడు నెత్తిన ఉంటాడు కాబట్టి ఆ వైపు లోపలికి ఎండ రాదు. బయట కట్టే వీలు లేకపోతే అట్టముక్కకి తెల్ల కాగితం అంటించి, తెల్లవైపు బయటికి ఉండేలా అద్దానికి పెట్టండి.

6. తెరిచే వేళ, మూసే వేళ

ఖర్చు లేని పని, ఎవరూ సరిగ్గా చేయని పని కూడా ఇదే. "గాలి రానీ" అని మధ్యాహ్నం తలుపు బార్లా తీసి పెడతారు. చంద్రపూర్‌లో మధ్యాహ్నం వచ్చేది గాలి కాదు, వడగాడ్పు. 44 డిగ్రీల గాలిని 37 డిగ్రీల గదిలోకి మనమే పిలిచినట్టు.

పొడి ఎండ ఊళ్ళో:
- ఉదయం 8 లోపు కిటికీలు, తలుపు మూసేయండి. కూలర్ నడిచే గది అయితే 8వ మెట్టు చూడండి.
- సాయంత్రం 7 తర్వాత బయట గాలి గదికన్నా చల్లబడిందనిపించాక అన్నీ తెరవండి.
- టేబుల్ ఫ్యానుని ఒక కిటికీలో మొహం బయటికి పెట్టి గంటసేపు నడపండి. లోపలి వేడిగాలిని అది నెట్టేస్తుంది, ఎదుటి కిటికీ నుంచి చల్లగాలి దానంతటదే వస్తుంది.

ఉక్కపోత ఊళ్ళో బయటికీ లోపలికీ వేడి తేడా తక్కువ, కాబట్టి మూసి కూర్చుంటే ఉడికిపోతాం. ఎండ నేరుగా పడే కిటికీ ఒక్కటే మూసి మిగతావి తీసి ఉంచండి. బరంపురానికి గోపాలపూర్ సముద్రం దగ్గరే, మధ్యాహ్నం దాటాక వచ్చే సముద్రపు గాలికి అడ్డంగా బీరువా, పుస్తకాల రాక్ పెట్టుకోకండి.

7. ఫ్యాను

ఫ్యాను గదిని చల్లబరచదు, మన చెమటని ఆరబెట్టి మనల్ని చల్లబరుస్తుంది. గదిలో ఎవరూ లేనప్పుడు తిరిగే ఫ్యాను కరెంటు దండగ. గదిలో గాలే 40 డిగ్రీలు దాటిందంటే ఫ్యాను ఒంటికి వేడి ఎక్కిస్తుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే హెచ్చరిస్తుంది. అప్పుడు ఒళ్ళు తడి చేసుకోవాలి, తడి తువ్వాలు భుజాల మీద వేసుకుని చదువుకోవాలి.

ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందా? కొత్తది కొనకముందు కెపాసిటర్ (మోటారు తిరగడానికి సాయపడే చిన్న భాగం) మార్పించండి. చాలా సీలింగ్ ఫ్యాన్లకి 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, పాతదాని మీద రాసిన అంకె చూసి అదే తీసుకోండి, పెద్ద ఖర్చు కాదు. మార్చేటప్పుడు మెయిన్ ఆపేయాలి. రెక్కల మీద దుమ్ము తుడవండి, సగం జబ్బు దానితోనే పోతుంది.

కొత్తది కొనాల్సి వస్తే తక్కువ కరెంటు తాగే మోటారు ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాను చూడండి. మామూలు ఫ్యాను 75 వాట్లు, రోజుకు 20 గంటలు తిరిగితే ఒకటిన్నర యూనిట్. ఇది 30 వాట్ల దగ్గర ఉంటుంది, అదే 20 గంటలకి 0.6 యూనిట్. ఇన్వర్టర్ మీద కూడా ఎక్కువసేపు వస్తుంది.

8. కూలర్: పొడి ఎండ వాళ్ళకి మాత్రమే

లెక్క చూడండి. 44 డిగ్రీలు, 15 శాతం తేమ ఉన్న గాలి కూలర్‌లోని తడి గడ్డి గుండా వస్తే 28, 30 డిగ్రీలకి దిగుతుంది. 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న గాలి అదే కూలర్ గుండా వస్తే 31, 32 దగ్గర ఆగిపోతుంది, పైగా తడిసి ముద్దయి వస్తుంది, ఒంటి మీద చెమట ఇక ఆరదు. బరంపురం పరుపు చెమ్మ వెనక ఉన్న సంగతి ఇదే.

పెట్టే పద్ధతి:

కూలర్ కిటికీ బయట ఉండాలి, వీపు బయటి గాలికి, మొహం లోపలికి. స్థలం లేదని గది మధ్యలో పెట్టి తలుపులు మూస్తే అరగంటలో చంద్రపూర్‌లోనే బరంపురం తయారవుతుంది.

లోపలికి వచ్చిన గాలి బయటికి పోవాలి. ఎదుటి వైపు కిటికీ రెక్క సగం తీయండి, లేదా తలుపు జానెడు తీసి ఉంచండి. "కూలర్ ఉన్నా ఉక్కగా ఉంది" అన్నవాళ్ళ గదికి వెళ్ళి నేను చేసిన పని చాలాసార్లు ఇదొక్కటే.

కొత్త గడ్డి ప్రతి సీజనుకీ వేయించండి, చంద్రపూర్ దుకాణాల్లో ఘాస్ అని అడగాలి. వట్టివేళ్ళది వాసన బాగుంటుంది. బోరు నీళ్ళకి గడ్డి మీద తెల్లటి పెచ్చు కడుతుంది, అది కట్టిన చోట నీళ్ళు దిగవు, గాలి చల్లబడదు. పైనున్న గొట్టం రంధ్రాలు పిన్నీసుతో పొడిచి, గడ్డి నాలుగు మూలలా సమానంగా తడుస్తోందా చూడండి. ముందు పది నిమిషాలు పంపు మాత్రమే వేసి గడ్డి తడిశాక ఫ్యాను వేయండి.

ఐసు వేయడం మానేయండి. కిలో ఐసు కరగడానికి పీల్చే వేడికన్నా కిలో నీళ్ళు ఆవిరవడానికి పీల్చే వేడి 7 రెట్లు ఎక్కువ. కూలర్ పని అంతా ఆవిరితోనే. ఐసు డబ్బులు నీళ్ళ మీద పెట్టండి, ఎందుకంటే చిన్న కూలర్ కూడా గంటకు 5, 6 లీటర్లు తాగుతుంది. రాత్రి 10కి నింపిన నా 35 లీటర్ల ట్యాంకు తెల్లవారుజామున 4కి ఖాళీ, పంపు ఉత్తినే తిరిగి కాలిపోయేది. పక్కన ఒక నిండు బకెట్ పెట్టుకోండి.

ఇప్పుడు చెప్పేది రెండుసార్లు చదవండి. ఇనుప కూలర్‌లో నీళ్ళు పోసేటప్పుడు షాక్ కొట్టి మనుషులు పోతున్నారు. మా పక్క గది కుర్రాడు తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి, కూలర్ నడుస్తుండగానే బిందెతో నీళ్ళు పోశాడు. చేయి అతుక్కుపోయింది. ఇంకొకడు మెయిన్ ఆపబట్టి ఆ కుర్రాడు బతికాడు, వాడి మణికట్టు మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

ప్రతిసారీ:
- స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్ పీకాకే నీళ్ళు పోయాలి
- మూడు పిన్నుల ప్లగ్, ఎర్తింగ్ ఉన్న సాకెట్ మాత్రమే
- పొడి నేల, రబ్బరు చెప్పులు
- సీజన్ మొదట్లో ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించుకోవాలి, వీలైతే కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించమని ఓనర్‌ని అడగాలి
- వారానికొకసారి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, అంచులు తోమి, ఆరబెట్టాలి, డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నిలవ నీళ్ళలోనే

9. ఉక్కపోత ఊళ్ళో కూలర్ బదులు

తడి దుప్పట్లు వేలాడదీయడం, నేల తడపడం వద్దు. మీకు కావలసింది నీడ, ఒంటి మీద నేరుగా గాలి. సీలింగ్ ఫ్యానుకి తోడు టేబుల్ ఫ్యాను మంచం పక్కన పెట్టండి. వంటింట్లోనో బాత్రూంలోనో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే స్నానం, వంట అయ్యాక అరగంట నడపండి, ఆ తేమ గదిలోకి రాకూడదు. ఉతికిన బట్టలు గదిలో ఆరేయకండి. పడుకోబోయే ముందు ఒకసారి స్నానం.

10. గదిలో మనమే పుట్టించే వేడి

గదిలోనే వండుకునే వాళ్ళు ఉదయం 7 లోపు వంట ముగించండి. రాత్రికి అన్నంలో నీళ్ళు పోసి ఉంచుకుంటే పొద్దున పొయ్యి పనే లేదు. మన చద్దన్నం, ఒడియా వాళ్ళ పఖాళ్, కొరాపుట్ వైపు మండియా పెజ్ అని పిలిచే రాగి అంబలి, ఎండాకాలం గదికి ఇంతకన్నా సరిపోయే తిండి లేదు. పాత ఫిలమెంట్ బల్బులు తీసి ఎల్‌ఈడీ పెట్టండి. ల్యాప్‌టాప్ పరుపు మీద కాకుండా బల్ల మీద.

11. పడక

ఫోమ్ పరుపు ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. దాన్ని గోడకి నిలబెట్టేసి నవారు మంచం లేదా చాప మీద నూలు దుప్పటి వేసుకోండి. వేడిగాలి పైకి చేరుతుంది కాబట్టి నేల మీద నయం. డాబా మీద పడుకునే వాళ్ళు, ముఖ్యంగా గడ్చిరోలి, కొరాపుట్, మల్కనగిరి వైపు వాళ్ళు, దోమతెర లేకుండా పడుకోవద్దు, అక్కడ మలేరియా తీవ్రంగా ఉంటుంది. పిట్టగోడ లేని డాబా మీద అసలే వద్దు.

12. కరెంటు పోయినప్పుడు, ఒంట్లో తేడా అనిపించినప్పుడు

మధ్యాహ్నం కరెంటు పోతే పై గదిలో పంతానికి కూర్చోకండి. కింద అంతస్తు మెట్ల దగ్గరో, కాలేజీ లైబ్రరీలోనో, చెట్టు కిందో సాయంత్రం దాకా ఉండండి. ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం దాని మీద రాసినన్ని నీళ్ళలో కలపాలి, పెద్ద పొట్లానికి ఒక లీటరు, సగం పొట్లం గ్లాసులో వేసి తాగడం తప్పు.

తోటివాడు తడబడుతూ మాట్లాడుతున్నా, ఎక్కడున్నాడో తెలియనట్టు చూస్తున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేయండి, మహారాష్ట్ర, ఒడిశా రెండు రాష్ట్రాల్లోనూ అదే నంబరు. అంబులెన్స్ వచ్చేలోపు నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరండి. తెలివి సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

13. రోహిణి కార్తె, తర్వాత చినుకులు

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది, రోళ్ళు పగిలే ఎండ అని మనం అంటాం, విదర్భలో నవతపా అంటారు. ఆ వారం ముందు నెట్ తాళ్ళు బిగించి, సున్నం లేచిన చోట మళ్ళీ ఒక పూత వేయండి.

జూన్‌లో మొదటి గట్టి వాన పడగానే చంద్రపూర్ గది కూడా ఉక్కపోత గది అయిపోతుంది. ఆ రోజు నుంచి కూలర్ పంపు ఆపేసి ఉత్త ఫ్యానుగా వాడండి, కిటికీల వేళలు కూడా మార్చి 6వ మెట్టులో బరంపురం వాళ్ళకి చెప్పినట్టు చేయండి. ట్యాంకు ఖాళీ చేసి గడ్డి తీసి పారేయండి, పంపు తుడిచి పాత గుడ్డలో చుట్టి దాచండి. ఈదురుగాలికి చిరిగి కరెంటు తీగల మీద పడకముందే నెట్ విప్పి మడిచి పెట్టండి, జాగ్రత్తగా వాడితే రెండు మూడు వేసవులు వస్తుంది.